మన వెబ్‌సైట్ గూగుల్‌లో కనబడాలంటే: డబ్బు కట్టే ముందు ఈ పనులు చేయండి

ఈమధ్య ఫోన్ చేసేవాళ్లలో చాలామంది జీవామృతం గురించి కాదు, అమ్మకం గురించి అడుగుతున్నారు. "పండించడం వచ్చిందండీ, అమ్ముకోవడమే రావట్లేదు. వెబ్‌సైట్ పెట్టాం, ఒక్కరూ చూడట్లేదు" అంటున్నారు. ఆ గోతిలో నేనూ పడి లేచినవాణ్ణే కాబట్టి, తెలిసినంతవరకు చెబుతాను.

మాది నూజివీడు దగ్గర మామిడి తోట. బంగినపల్లి, చిన్నరసాలు, పెద్దరసాలు ఉన్నాయి. మందు కొట్టకుండా ఏడాదంతా కష్టపడి పండించి యార్డుకి తోలితే, మందు కొట్టిన కాయా మన కాయా ఒకే గుట్టలో పోస్తారు. రేటూ ఒకటే. అందుకే తినేవాళ్లకే నేరుగా అమ్మాలని వెబ్‌సైట్ పెట్టాను. మొదటి సీజన్‌లో దాని ద్వారా వచ్చిన ఆర్డర్లు మూడు. అందులో రెండు మా బంధువులవే.

అప్పుడే ఒకాయన ఫోన్ చేసి, "ముప్పై రోజుల్లో మీ సైట్‌ని గూగుల్ మొదటి పేజీలోకి తెస్తాం, గ్యారంటీ" అన్నాడు. 18,000 రూపాయలు కట్టాను. నెల తర్వాత ఒక ఫోటో పంపాడు. నిజంగానే మా సైట్ అన్నిటికంటే పైన ఉంది! తీరా చూస్తే ఆయన వెతికింది మా తోట పేరుతో. ఆ పేరు నేను సొంతంగా పెట్టుకున్నది, ఇంకెవరికీ లేదు. దాంతో వెతికితే మా సైట్ కాక ఇంకేం వస్తుంది? మా పేరు తెలియని మనిషి "కార్బైడ్ లేని మామిడి పండ్లు" అని కొడితే మాత్రం మేం ఎక్కడా లేం.

మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సలహాల్లోనే రాసిపెట్టింది. అది నేను డబ్బు కట్టాక చదివాను. మీరు కట్టకముందే తెలుసుకోండి.

ముందు మీ సైట్ గూగుల్‌కి తెలుసా?

గూగుల్‌లో ఇంగ్లీషు అక్షరాలతో సైట్ అని కొట్టి, పక్కనే కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ వెబ్‌సైట్ అడ్రస్ కొట్టండి. మీ పేజీలు వరుసగా వస్తే గూగుల్ వాటిని తన లెక్కలో రాసుకున్నట్టే. ఏమీ రాకపోతే సమస్య అక్కడే ఉంది. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైట్ అయితే సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోట చూడండి. సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే టిక్ ఒకటి ఉంటుంది. సైట్ కట్టేటప్పుడు పెట్టి, తర్వాత తీయడం మర్చిపోతారు. మాకు తెలిసిన ఒక రైతు సైట్‌కి ఏడాదంతా ఆ టిక్ అలాగే ఉంది. గేటుకి తాళం వేసి, కొనేవాళ్లు రాలేదని బాధపడినట్టు.

తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మీ సైట్ చేర్చుకోండి. పైసా ఖర్చు లేదు. జనం ఏ మాటలు కొట్టినప్పుడు మీ పేజీ కనబడిందో, ఎంతమంది దాన్ని నొక్కి లోపలికి వచ్చారో అందులో ఉంటుంది. మనకిది మట్టి పరీక్ష రిపోర్టు లాంటిది. అది చూడకుండా ఏ ఎరువూ వేయొద్దు.

మన మాట కాదు, కొనేవాళ్ల మాట

నా సైట్ మొదటి పేజీలో "ప్రకృతి ఒడిలో పండిన అమృత ఫలాలు" అని రాయించాను. చదవడానికి బాగుంటుంది కానీ, ఆ మాటలతో గూగుల్‌లో వెతికేవాళ్లు ఎవరుంటారు?

అందుకని ఒక సీజన్ అంతా ఫోన్ పక్కన నోటు పుస్తకం పెట్టుకున్నాను. ఫోన్ చేసినవాళ్లు అడిగింది అడిగినట్టే రాశాను. "గడ్డిలో మాగబెట్టినవేనా?" "హైదరాబాద్ పంపుతారా?" "పెట్టెకి ఎన్ని కాయలొస్తాయి?" "చిన్నరసాలు ఎప్పుడొస్తాయి?" మా ఎస్‌ఈఓ అంతా ఆ పుస్తకమే. ఎక్కువమంది అడిగిన ఒక్కో ప్రశ్నకి ఒక్కో పేజీ పెట్టి, జవాబు పూర్తిగా రాశాను. గడ్డిలో ఎలా పేరుస్తామో, ఎన్ని రోజులు పడుతుందో, పండు రంగు అంతా ఒకేలా ఎందుకు రాదో, అన్నీ.

పేర్ల విషయం కూడా చూసుకోండి. మనం బంగినపల్లి అనేదాన్ని తెలంగాణలో చాలామంది బేనిషాన్ అంటారు, ఉత్తరాదిలో సఫేదా అంటారు. కొందరు తెలుగులో కొడతారు, కొందరు తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. ఈ పేర్లన్నీ పేజీలో ఒక్కోసారి సహజంగా వచ్చేలా రాస్తే చాలు. అదే మాట ఇరవైసార్లు కుక్కితే గూగుల్ దాన్ని మోసం కింద లెక్కేస్తుంది.

పేజీ టైటిల్‌లో "హోమ్" అనో "మా ఉత్పత్తులు" అనో పెట్టొద్దు. "గడ్డిలో మాగబెట్టిన బంగినపల్లి మామిడి, హైదరాబాద్ డెలివరీ" అని పెట్టండి. మెటా కీవర్డ్స్ నింపుతామని ఎవరైనా డబ్బు అడిగితే నవ్వి ఊరుకోండి. ర్యాంకుకి వాటిని చూడమని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

వీడియో ఒక్కటే చాలదు

మనలో చాలామంది యూట్యూబ్ వీడియో తెచ్చి పేజీలో అతికించి వదిలేస్తాం. వీడియోలో మనం నోటితో చెప్పిందంతా గూగుల్‌కి అందుతుందని నమ్ముకోవద్దు. వీడియో కింద అదే విషయం పది పదిహేను వాక్యాల్లో రాయండి. జీవామృతం వీడియో అయితే 200 లీటర్ల నీళ్లకి పేడ ఎంత, మూత్రం ఎంత, బెల్లం ఎంత, పప్పుల పిండి ఎంత అనేది అక్షరాల్లో ఉండాలి. యూట్యూబ్ డిస్క్రిప్షన్‌లో ఏ నిమిషంలో ఏముందో కూడా రాయండి. మొదటిది 0:00 తో మొదలవ్వాలి, మొత్తం కనీసం మూడు ఉండాలి. అప్పుడే చాప్టర్లుగా విడిపోతుంది.

ఫోటోలు ఫోన్‌లో తీసినవి తీసినట్టు ఎక్కించొద్దు, సైజు తగ్గించండి. గూగుల్ మన సైట్‌ని ఫోన్‌లో కనబడే రూపంలోనే చూస్తుంది. పల్లెటూరి సిగ్నల్‌లో మీ పేజీ తెరుచుకుంటుందో లేదో మీరే ఒకసారి చూసుకోండి. ప్రతి ఫోటోకీ ఆల్ట్ టెక్స్ట్ అనే చోట అందులో ఏముందో ఒక ముక్క రాయండి.

తోటకో దుకాణానికో జనం వచ్చి కొనే వీలుంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా పెట్టండి. అదీ ఉచితమే. మ్యాప్‌లో దారి, ఫోన్ నంబరు, తెరిచి ఉండే వేళలు సరిగ్గా ఉంటే చాలు.

పంట అయిపోయిందని పేజీ తీసేయొద్దు

నేను చేసిన పెద్ద తప్పు ఇది. జూన్ కాగానే మామిడి పేజీ తీసేసేవాణ్ణి, మరుసటి ఏడు కొత్త అడ్రస్‌తో కొత్త పేజీ పెట్టేవాణ్ణి. పాత పేజీ అప్పటిదాకా సంపాదించుకున్న పేరంతా పోయేది. ఏటా చెట్టు నరికి మొక్క నాటినట్టే కదా! ఇప్పుడు అదే పేజీ ఉంచి, "ఈ ఏడు కాయ అయిపోయింది, మళ్లీ ఏప్రిల్‌లో" అని మారుస్తాను. కొత్త పేజీ పెట్టేదుంటే పూత రాకముందే పెడతాను. కాయ కోసేరోజున పెడితే, గూగుల్ దాన్ని గుర్తించేసరికి సీజన్ దాటిపోతుంది.

చేయకూడనివి

డబ్బిచ్చి లింకులు కొనొద్దు, గూగుల్ నియమాలకి అది విరుద్ధం. పక్క రైతు పేజీ కాపీ కొట్టొద్దు. అన్నిటికంటే ముఖ్యం, "ఈ బియ్యం తింటే షుగర్ నయమవుతుంది" లాంటి మాటలు రాయొద్దు. జనం వెతుకుతారు కదా అని రాయాలనిపిస్తుంది. కానీ తిండి అమ్ముతూ రోగం నయమవుతుందని ప్రచారం చేయడం చట్టం ఒప్పదు. ఎవరైనా నమ్మి మందులు మానేస్తే ఆ పాపం మనది. విషం వద్దనుకుని ఈ సాగులోకి వచ్చాం, మాటల్లో కూడా కల్తీ వద్దు.

ఇవన్నీ చేశాక ఫలితం ఎప్పుడు? మంచి పనివాడు చేసినా మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగులే చెబుతోంది. యూరియా చల్లినట్టు వారంలో పచ్చబడదు. నాకు రెండు సీజన్లు పట్టింది. పోయిన సీజన్‌లో కాయలో మూడో వంతు నేరుగా అమ్మాను. మిగతాది ఇంకా యార్డుకే వెళ్తోంది, దాచేదేముంది. కానీ ఆ మూడో వంతుకి రేటు చెప్పింది నేను.

సెర్చ్ కన్సోల్‌లో సైట్ ఎలా చేర్చాలో నా ఫోన్ తెర మీదే చూపిస్తూ వీడియో చేశాను, కింద ఉంది. చూసేముందు ఒక పని చేయండి: నోటు పుస్తకం ఒకటి ఫోన్ పక్కన పెట్టుకోండి. ఈరోజు కొనేవాళ్లు అడిగిన మొదటి ప్రశ్నే మీ మొదటి పేజీ.