కోళ్ల గూడు ఊడ్చే పిల్లల చేతులు



మన కోలారు జిల్లాలో ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారపేట, కేజీఎఫ్ చుట్టుపక్కల ఏ పల్లెకు పోయినా పురుగుల ఇల్లు ఉన్నచోట నాలుగు నాటు కోళ్లు కూడా తిరుగుతా ఉంటాయి. కొందరిండ్లలో గిరిరాజ కోళ్లు. పురుగు నాలుగో జ్వరం లేచినాక పెద్దోళ్లకు ఆకు కోసేదానికి, మేత వేసేదానికే పొద్దు చాలదు. అప్పుడు కోళ్ల గూడు ఊడ్చే పని బడి నుంచి వచ్చిన పిల్లల మీద పడుతుంది. పిల్లలకూ అది ఇష్టమే. కోడిపిల్లను పట్టుకోవచ్చు, గుడ్లు ఏరుకోవచ్చు. పని నేర్చుకోనీ, మంచిదే. కానీ ఎట్లా చేయాలో మనం చెప్పాలి కదా.

పురుగుల విషయంలో మనం ఎంత కట్టుదిట్టం! గడప దగ్గర బ్లీచింగ్ నీళ్లు తొక్కకుండా లోపలికి పోనీయం. చేతులు కడగకుండా ఆకు ముట్టనీయం. చాకీ పురుగు దగ్గరికి బయటి మనిషిని రానీయం. ఆ కట్టుబాటు కోళ్ల గూటి దగ్గర మన పిల్లలకు కూడా పెట్టాలనేదే ఈసారి మా మాట.

*రెట్టలో ఏముంటుంది?*

కోడి చూసేదానికి బాగానే ఉంటుంది, మేత తింటుంది, గుడ్డు పెడుతుంది. అయినా దాని రెట్టలో సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ అనే క్రిములు ఉండొచ్చు. రెక్కలకు, కాళ్లకు, గుడ్డు పైపెంకుకు కూడా అంటుకుని ఉంటాయి. పిల్లోడు గూడు ఊడ్చి, అదే చేత్తో బొరుగులు తింటే కడుపులోకి పోతాయి. సాల్మొనెల్లా అయితే ఆరు గంటల నుంచి ఆరు రోజుల లోపల జ్వరం, కడుపునొప్పి, బేదులు మొదలవుతాయి. పెద్దోళ్లు తట్టుకుంటారు. ఐదేళ్ల లోపు పిల్లలు, ముసలోళ్లు, గర్భిణులు అంత సులభంగా తట్టుకోలేరు. అందుకే ఐదేళ్ల లోపు పిల్లలను గూడు శుభ్రం చేసే పనికి అసలు పెట్టొద్దు.

*కోళ్ల జబ్బు దూరం లేదు*

2025 మొదట్లో మన పక్కనే, చిక్కబళ్లాపురం జిల్లా వరదహళ్లిలో పెరటి కోళ్లు చచ్చిపోతే, పరీక్షలో బర్డ్ ఫ్లూ అని తేలింది. 2007 దాకా చిక్కబళ్లాపురం మన కోలారు జిల్లాలోదే కదా. ఆంధ్రాలో గోదావరి జిల్లాల్లో కూడా అదే సమయంలో వచ్చింది. ఆ మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. బర్డ్ ఫ్లూ అని పుణె ల్యాబు చెప్పింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని వార్తల్లో వచ్చింది. ఈ రోగం మనుషులకు రావడం చాలా అరుదు, భయపడి కోళ్లను అమ్ముకోనక్కర లేదు. 70 డిగ్రీల వేడిలో బాగా ఉడికితే ఆ వైరస్ చచ్చిపోతుంది. పచ్చిది, చచ్చినది పిల్లల చేతికి పోకుండా చూడటం మన పని.

ఒకేసారి కోళ్లు వరుసగా చస్తే అది కొక్కెర రోగమో, ఇంకొకటో మనం చూసి చెప్పలేం. పిల్లలను ముట్టనీయొద్దు. కోయొద్దు, చెరువులో పడేయొద్దు. పశువుల ఆస్పత్రికి చెప్పండి, లేదా 1962కు ఫోన్ చేయండి.

*గూడు శుభ్రం చేసే పద్ధతి*

1. గూటి పనికి వేరే చెప్పులు, వేరే పాత బట్టలు. అవి వంటింట్లోకి, పురుగుల ఇంట్లోకి రాకూడదు.

2. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టాలి. ఎండిన రెట్టను అట్లే ఊడిస్తే దుమ్ము ఊపిరిలోకి పోతుంది. ముందు నీళ్లు చిలకరించి, తర్వాత గీకాలి.

3. చేతికి గాయం ఉంటే ఆ రోజు పని వద్దు. గోళ్లు కత్తిరించి ఉండాలి.

4. పని అయ్యేదాకా ఏమీ తినకూడదు, నోట్లో వేలు పెట్టకూడదు. కోడిపిల్లకు ముద్దు పెట్టకూడదు.

5. అయినాక సబ్బుతో 20 సెకన్లు చేతులు, గోళ్ల సందులు రుద్ది కడగాలి. పెద్దోళ్లు పక్కన నిలబడి చూడాలి. కోళ్ల నీళ్ల గిన్నెను వంటపాత్రలతో కలిపి కడగొద్దు.

కొందరు రాత్రిపూట కోళ్లను వంటింటి మూలలో గంప కింద మూస్తారు. కేజీఎఫ్ లైన్ ఇండ్ల మాదిరి చోటు ఇరుకుగా ఉన్నా, ఆ గంప వరండాలో ఉంటేనే మేలు. పిల్లలు పడుకునే చోట అసలు వద్దు.

*బ్లీచింగ్, ఫార్మాలిన్ పిల్లల చేతికి ఇవ్వొద్దు*

మన ఇండ్లలో ఈ మందులు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి గట్టిగా చెప్తున్నాం. కోడి రెట్టలో అమ్మోనియా ఉంటుంది. తడి రెట్ట మీద బ్లీచింగ్ చల్లితే కళ్లు, గొంతు మండించే గాలి పుడుతుంది. పైగా రెట్ట ఉన్నచోట బ్లీచింగ్ పనిచేయదు. ముందు గీకి, నీళ్లతో కడిగి, ఆ తర్వాత పురుగుల ఇంటికి వాడే 2 శాతం బ్లీచింగ్, 0.3 శాతం సున్నం నీళ్లనే పెద్దోళ్లు చల్లాలి. లీటరుకు 20 గ్రాముల బ్లీచింగ్, 3 గ్రాముల సున్నం. ఆరినాకే కోళ్లను లోపలికి వదలాలి. బ్లీచింగ్‌లో యాసిడ్ గానీ, టాయిలెట్ కడిగే మందు గానీ ఎప్పుడూ కలపొద్దు. ఫార్మాలిన్ డబ్బా పిల్లలకు అందని ఎత్తులో తాళం వేసి పెట్టండి.

*మన పంటకూ ఇదే మేలు*

పాల రోగం పట్టిన పురుగులను ఏరి కోళ్లకు వేసే అలవాటు ఉంది. కోడి తిన్నా ఆ వైరస్ చావదు, రెట్టలో బయటికి వస్తుంది. గూడు ఊడ్చిన పిల్లోడి కాళ్లతో పురుగుల ఇంట్లోకి రావచ్చు. రోగపు పురుగులను బ్లీచింగ్ నీళ్లలో వేసి పూడ్చండి. గూటి చెత్తను నేరుగా మల్బరీ తోటలో చల్లొద్దు. గుంతలో మట్టి కప్పి కనీసం మూడు నెలలు మాగనీయండి. గూడు ఊడ్చిన పిల్లలు స్నానం చేసి, బట్టలు మార్చినాకే ఆకు కోసేదానికి రావాలి.

*బేదులైతే*

ఓఆర్ఎస్ కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. నెత్తురు పడినా, జ్వరం తగ్గకున్నా, నీళ్లు తాగకుండా వాడిపోయినా ఆలస్యం వద్దు, ఆస్పత్రికి పోండి. ఇంట్లో కోళ్లు ఉన్నాయని డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

పురుగుల ఇంటి గడప దగ్గర నీళ్లు, సబ్బు ఉన్నట్టే కోళ్ల గూటి పక్కన కూడా ఒక బక్కెట నీళ్లు, ఒక సబ్బు పెట్టండి. ఖర్చు తక్కువ. పంట పోతే నెలన్నరకు ఇంకో పంట వస్తుంది, బిడ్డ ఆరోగ్యం అట్లా కాదు. మీ ఊరి గ్రూపుల్లో కూడా ఈ మాట పంచండి.