అడవి మంటకు జవాబుదారీ ఎవరు?

పెరటిలో ఎండుటాకులు పేరుకుంటే ఆ ఇంటివారే ఊడ్చుకోవాలి. వారు ఊడ్వక, నిప్పురవ్వ పడి పక్కింటి గడ్డివామి అంటుకుంటే, ఊరివారు వారినే నిలదీస్తారు. మరి కోట్ల ఎకరాల అడవి ప్రభుత్వానిదే అయితే ఎవరిని అడగాలి?

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇది చాలా పెద్ద ప్రశ్న. ఆ దేశపు నేలలో నాలుగో వంతుకు పైగా, అంటే సుమారు 64 కోట్ల ఎకరాలు, కేంద్ర ప్రభుత్వానివే. వీటిలో ఎక్కువ భాగం పశ్చిమ రాష్ట్రాలలోను, అలాస్కాలోను ఉన్నది. వీటిని ప్రజాభూములు అంటారు. అటవీ శాఖ, జాతీయ ఉద్యానవనాల శాఖ వంటివి వీటిని చూసుకుంటాయి.

1910 ఆగస్టులో ఐడహో, మోంటానా ప్రాంతాలలో రెండు రోజులలోనే సుమారు 30 లక్షల ఎకరాలు కాలిపోయాయి. ఆ తరువాత ప్రతి మంటనూ వెంటనే ఆర్పాలనే పట్టుదల పెరిగింది. కనిపించిన మంటను మరునాటి ఉదయం 10 గంటలలోగా అదుపు చేయాలని 1935లో అటవీ శాఖ నియమం పెట్టింది.

వినడానికి ఇది మంచి నియమమే. కాని పొడి అడవులలో పూర్వం కొన్నేళ్లకొకసారి చిన్న మంటలు వచ్చి ఎండుగడ్డిని, పుల్లలను కాల్చివేసేవి. దళసరి బెరడు గల పెద్ద చెట్లు బతికేవి. ఆ చిన్న మంటలను ఆపేసరికి నేలమీద చెత్త పేరుకున్నది. ఇప్పుడు నిప్పు పడితే చెట్ల తలలదాకా ఎగబాకుతున్నది. పెరిగిన ఎండలు, అనావృష్టి ఈ ప్రమాదాన్ని ఇంకా పెంచాయి.

దీనికి ఉపాయాలు రెండు. ఒకటి, చిన్న చెట్లను, పొదలను నరికి అడవిని పలచన చేయడం. రెండవది, గాలి, తేమ చూసుకొని కావాలనే చిన్న మంట పెట్టడం. ఈ రెండవ పనిలో చాలా జాగ్రత్త కావాలి.

2022 ఏప్రిల్‌లో న్యూ మెక్సికో రాష్ట్రంలో అటవీ శాఖ పెట్టిన మంట గాలికి చేయిదాటిపోయింది. జనవరిలో ఆ శాఖవారే కాల్చిన కట్టెల పోగులలో ఆరక మిగిలిన నిప్పు కూడా రాజుకొని దానితో కలిసింది. మొత్తం 3 లక్షల 41 వేల ఎకరాలు కాలాయి. వందల ఇళ్లు బూడిదయ్యాయి.

అప్పుడు ఏం జరిగింది? అటవీ శాఖ దేశమంతటా ఇటువంటి మంటలను 90 రోజులు ఆపి విచారణ జరిపింది. అడవి ఎంత ఎండి ఉన్నదో తక్కువగా అంచనా వేశామని తన నివేదికలోనే ఒప్పుకున్నది. నష్టపోయినవారి కోసం అమెరికా శాసనసభ అదే ఏడాది చట్టం చేసి, మొత్తం 395 కోట్ల డాలర్లు కేటాయించింది. తప్పును దాచకుండా చెప్పడం, నష్టం పూడ్చడం జవాబుదారీలో ఒక భాగం.

రెండవ భాగం మంటకు ముందే ఉన్నది. 1921లో ఏర్పడిన ఒక తనిఖీ కార్యాలయం శాసనసభ తరఫున ప్రభుత్వ శాఖల పనులను పరిశీలిస్తుంది. పశ్చిమ ప్రాంతపు జాతీయ అడవులలో 3 కోట్ల 90 లక్షల ఎకరాలు పెద్ద మంటల ప్రమాదంలో ఉన్నాయని అది 1999లోనే హెచ్చరించింది. ఆ కార్యాలయం శాఖలను శిక్షించలేదు. కాని దాని నివేదికలను ఎవరైనా చదవవచ్చు, చదివి ప్రశ్నించవచ్చు.

అయితే ప్రశ్న సరిగా అడగాలి. “ఎన్ని ఎకరాలు శుభ్రం చేశారు?” అంటే సరిపోదు. జనం లేని చోట, పని సులువైన చోట వేల ఎకరాలు శుభ్రం చేసి పెద్ద లెక్క చూపవచ్చు. ఊరి పక్కనున్న కొండ మాత్రం అలాగే మిగిలిపోవచ్చు. కాబట్టి “ఏ ఊరికి ప్రమాదం ఎంత తగ్గింది?” అని అడగాలి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఊరు కాలాక అడిగితే నష్టపరిహారం మాత్రమే దొరుకుతుంది. ముందుగా అడిగితే ఊరే దక్కుతుంది.

ప్రశ్నలు
1. చిన్న మంటలన్నిటినీ ఆర్పివేయడం వల్ల పెద్ద మంటల ప్రమాదం ఎలా పెరిగింది?
2. జవాబుదారీలోని రెండు భాగాలు ఏవి?
3. మీ ఊరిలో ప్రభుత్వం చూసుకోవలసిన స్థలం ఒకటి చెప్పండి. దానిని గురించి మీరు అడగదలచిన ప్రశ్న రాయండి.