మూతకు చిల్లు పెట్టిన పెట్టె

యెరూషలేము దేవాలయం శిథిలమైంది. బాగుచేయించమని యోవాషు రాజు యాజకులకు చెప్పాడు. కానుకలు వస్తూనే ఉన్నాయి. కానీ ఆయన ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా మందిరం బీటలు బీటలుగానే ఉంది. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు చిల్లు పెట్టి, బలిపీఠం పక్కన ఉంచాడు. అందులో డబ్బు చేరినప్పుడల్లా రాజు తరఫున ఒకరు, ప్రధాన యాజకుడు కలిసి లెక్కపెట్టి పనివాళ్లకు ముట్టజెప్పేవారు (2 రాజులు 12వ అధ్యాయం). వడ్రంగులకు, తాపీ పనివాళ్లకు కూలి ముట్టింది, పని సాగింది.

ఈ యోవాషు ఎవరు? చంటిబిడ్డగా ఉండగానే తండ్రిని పోగొట్టుకున్నవాడు. సొంత నాయనమ్మ అతల్యా చంపించబోతే మేనత్త దాచి కాపాడిన పిల్లవాడు. ఆరేళ్లు దేవుని మందిరంలో చాటుగా పెరిగి, ఏడో ఏట సింహాసనం ఎక్కాడు. ఈనాటి మాటలో చెప్పాలంటే హోమ్‌లో పెరిగిన బిడ్డ. ఇతరుల దయమీద బతికినవాడికి కానుక సొమ్ము విలువ తెలుసు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బడుల్లో అనాథ పిల్లల కోసం విద్యార్థులు చందాలు పోగుచేయడం మనకు కొత్త కాదు. నవంబరు 14 వచ్చినా, క్రిస్మస్ దగ్గరపడినా డబ్బాలు బయటికి వస్తాయి. మంచిదే. కానీ పెద్ద నగరాల్లో దాత ఒకచోట, గ్రహీత మరోచోట ఉంటారు. మన చిన్న ఊళ్లలో అలా కాదు. హోమ్‌లో ఉండే పిల్లవాడు, బంగారు అంగడి వ్యాపారి కొడుకు ఒకే తరగతిలో, ఒక్కోసారి ఒకే బెంచీ మీద కూర్చుంటారు. టీచరు డబ్బా పట్టుకుని వరుసలో వస్తున్నప్పుడు ఆ బెంచీ మీద ఒకరి తల పైకి లేస్తుంది, ఒకరి తల కిందికి వాలుతుంది. నిధి ఎంత పోగైనా ఆ వాలిన తల ఖరీదు అందులోనుంచి తీసివేయాల్సిందే కదా!

ఇశ్రాయేలీయుల దగ్గర ప్రత్యక్ష గుడారపు సేవకు సొమ్ము తీసుకున్నప్పుడు దేవుడు పెట్టిన నియమం చూడండి. మనిషికి అర తులం. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు (నిర్గమ 30:15). ఎవరూ గొప్పలు పోవడానికి వీల్లేదు. రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు మెచ్చుకున్నది కూడా శిష్యులను దగ్గరికి పిలిచి. ఆమెను వేదిక ఎక్కించి శాలువా కప్పలేదు.

అందుకని బడిపెద్దలకు మా మొదటి మనవి: ఎవరెంత తెచ్చారో తరగతిలో చదవకండి. ఎక్కువ తెచ్చినవారికి బహుమతి పెట్టకండి. ఆ బహుమతి గెలిచేది బిడ్డ కాదు, వాళ్ల నాన్న జేబు. రసీదు పుస్తకం ఇచ్చి చిన్నపిల్లలను అంగడి అంగడికీ తిప్పడం అంతకన్నా వద్దు. ఎండ సంగతి అలా ఉంచండి, విసుక్కునే ముఖాలు చూడటం ఆ వయసులో నేర్వాల్సిన పాఠం కాదు.

మరి ఎలా? తరగతికో పెట్టె, మూతకు చిల్లు. వారానికి రెండు రూపాయలు అనుకుందాం. 40 మంది ఉన్న తరగతిలో వారానికి 80 రూపాయలు. ఏడాదిలో 36 వారాలు బడి నడిస్తే 2,880. పది తరగతులున్న బడిలో 28,800 రూపాయలు. ఒక వారం వేయలేని బిడ్డ ఉత్త చేయి పెట్టి తీసినా ఎవరికీ తెలియదు.

డబ్బే కానక్కరలేదు. మిజోరాంలో క్రైస్తవ స్త్రీలు 1910 నుంచి వంట చేసేముందు పిడికెడు బియ్యం తీసి సంఘానికి పక్కన పెడుతున్నారు. పిల్లలు అలా గుప్పెడు బియ్యం తెచ్చి ఒకే డ్రమ్ములో పోస్తే సన్నబియ్యం ఎవరివో, రేషను బియ్యం ఎవరివో ఎవరు చెప్పగలరు? పరీక్షలయ్యాక నోటు పుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు చించి కుట్టిస్తే రఫ్ పుస్తకాలవుతాయి. రాసిన కాగితాలు పాత పేపర్ల అంగడికి వేయవచ్చు. ఆటల పోటీల రోజున పులివెందుల రైతులు నాలుగు గంపల చీనీకాయలు ఇస్తే పిల్లలే రసం తీసి అమ్ముతారు. తల్లులు ఉగ్గాని, బజ్జీ చేసి పెడితే కొనడానికి ఊరే వస్తుంది. (తంబోలా మాట మాత్రం ఎత్తకండి. దానిమీద సంఘ పెద్దల మధ్యే ఇంకా తెగలేదు.)

మాకు అన్నిటికన్నా నచ్చినది చదువు పందెం. బిడ్డ చదివిన ఒక్కో పుస్తకానికి ఐదు రూపాయలు ఇస్తామని ఊరి పెద్దలు మాట ఇవ్వాలి. చదివేది పిల్లలు, చెల్లించేది పెద్దలు. ఇందులో హోమ్ బిడ్డ కూడా దాతే. పది పుస్తకాలు చదివి యాభై రూపాయలు తెచ్చిన బిడ్డకు తల వంచుకోవాల్సిన పనేముంది?

చిన్నపిల్లల చిల్లరతో ఏమవుతుందనేవారు మన చరిత్రే చూడాలి. 1822లో కడపకు, తరువాత జమ్మలమడుగుకు సువార్త తెచ్చినది లండన్ మిషనరీ సొసైటీ. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి దానిదే. ఆ సొసైటీ మిషనరీ జాన్ విలియమ్స్ 1839లో పసిఫిక్ దీవుల్లో హతుడైనప్పుడు బ్రిటన్‌లో సండే స్కూలు పిల్లలు కానుకలు పోగుచేశారు. 6 వేల పౌండ్లకు పైగా వచ్చింది. 1844లో ఆయన పేరుతో ఓడ నీళ్లలోకి దిగింది. 1864లో అది పగిలిపోతే పిల్లలు మళ్లీ డబ్బు కూర్చి మరో ఓడ ఇచ్చారు.

ఇక ఆ సొమ్ము ఎక్కడికి పోతున్నదన్నది పెద్దల బాధ్యత. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం అనాథ పిల్లలను ఉంచుకునే ప్రతి హోమ్ ప్రభుత్వం దగ్గర నమోదై ఉండాలి. సంఘం నడిపే హోమ్ అయినా, పాస్టరు గారి హోమ్ అయినా సరే. పత్రం చూపమని అడగడం అవిశ్వాసం కాదు. అదే చట్టం అక్కడి పిల్లలను గుర్తుపట్టేలా పేరు, ఊరు, ఫొటో ప్రచురించడాన్ని కూడా నిషేధించింది. దుప్పటి ఇస్తూ బిడ్డ ముఖం కెమెరా వైపు తిప్పే అలవాటు మన సంఘాల్లో ఎప్పుడు పోతుందో!

యెరూషలేము పేదల కోసం పోగైన కానుకను పౌలు ఒంటరిగా మోసుకుపోలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఎన్నుకున్నవారిని వెంటబెట్టుకున్నాడు (2 కొరింథీ 8:19-21). బడిలోనూ పెట్టె తెరిచేటప్పుడు ఒక టీచరు, ఇద్దరు పిల్లలు ఉండాలి. ఆ పిల్లల్లో ఒకరు హోమ్ బిడ్డ అయితే ఇంకా మంచిది. లెక్క చేయడం, తప్పుంటే చెప్పడం ఆ బిడ్డకూ వచ్చు. ఎంత వచ్చింది, బియ్యానికెంత, చెప్పులకెంత అన్నది ఆ చేతితోనే నోటీసు బోర్డు మీద రాయించండి.