ఫొటో రంగు మారితే ముందు చూడవలసింది ఏమిటి?

మన పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే పోతున్నాయి. ఫొటో ఎక్కించేటప్పుడు మొహం రంగు మారి కనబడితే ఏం చేయాలో తెలియక పిల్లలు, తల్లిదండ్రులు కంగారు పడుతున్నారు.

గత సంవత్సరం మా ఇంట్లోనే ఇది జరిగింది. మనవరాలి ఫొటో బ్రౌజర్‌లో తెరిస్తే మొహమంతా పసుపు. "తాతయ్యా, స్టూడియోవాళ్ళు సరిగ్గా తీయలేదు" అని తనే నీలం రంగు పెంచి పంపింది. మా తెర మీద చక్కగానే ఉంది. ఫొటో నీలంగా ఉందని దరఖాస్తు తిరిగి వచ్చేసరికి గడువు రెండు రోజులే మిగిలింది. తీరా చూస్తే ఫొటోలో దోషమే లేదు, దోషం మా కంప్యూటర్‌ది.

కారణం చెబుతాను. ఫొటో ఫైలులో ఉండేవి అంకెలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటి సాధారణంగా 0 నుండి 255 వరకు. వంద అని రాసి ఊరుకుంటే రూపాయలో, డాలర్లో తెలియదు కదా? ఈ అంకెలను ఏ లెక్కన చదవాలో చెప్పే చీటీయే కలర్ ప్రొఫైల్. హెచ్‌పి, మైక్రోసాఫ్ట్ సంస్థలు 1996లో ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జిబి అనే లెక్క ఇంటర్నెట్‌లో సర్వసాధారణం. ఫొటోకు ఉన్నట్టే తెరకూ ఒక ప్రొఫైల్ ఉంటుంది. బ్రౌజర్ ఆ రెండూ చూసి రంగు చూపిస్తుంది. తెర ప్రొఫైల్ తప్పయితే మంచి ఫొటో కూడా పాడైనట్టే కనబడుతుంది.

బ్యాంకులో సాయంత్రం లెక్క తేలకపోతే ముందు తేడా ఎక్కడుందో వెతికేవాళ్ళం, ఖాతాలో అంకె దిద్దేవాళ్ళం కాదు. ఇక్కడా అంతే. ఆ ఫైలును వేరే ఫోనులో, వేరే కంప్యూటర్‌లో చూడండి. అక్కడ బాగుంటే ఫొటో జోలికి పోవద్దు. మీ తెర మొత్తం పసుపుగా ఉంటే విండోస్‌లో నైట్ లైట్ ఆన్ అయి ఉందేమో చూసి ఆపండి. నైట్ లైట్ పసుపు స్క్రీన్‌షాట్‌లో రాదు, ఇదొక గుర్తు.

బ్రౌజర్‌లో ఫొటోలు మాత్రమే పసుపుగా ఉంటే స్టార్ట్ మెనూలో కలర్ మేనేజ్‌మెంట్ అని వెతికి తెరవండి. మీ మానిటర్‌ను ఎంచుకుని, ఈ పరికరానికి నా సెట్టింగులే వాడు అన్న గడిలో టిక్ పెట్టి, యాడ్ నొక్కి, ఎస్‌ఆర్‌జిబి ప్రొఫైల్‌ను చేర్చి డిఫాల్ట్ చేయండి. బ్రౌజర్ పూర్తిగా మూసి మళ్ళీ తెరవండి. మాకు అయిదు నిమిషాల పని. తెలియక పోయినవి రెండు రోజులు!

అన్ని చోట్లా రంగు తప్పుగానే ఉంటే అప్పుడు ఫైలునే అనుమానించాలి. స్టూడియోవాళ్ళు అచ్చు కోసం సిఎంవైకె పద్ధతిలో దాచిన ఫైలు ఇస్తే కొన్ని చోట్ల రంగులు వికారంగా వస్తాయి, కొన్ని చోట్ల ఫొటో తెరుచుకోదు కూడా. అడోబ్ ఆర్‌జిబిలో తీసి ప్రొఫైల్ చీటీ పోగొట్టిన ఫొటో వెలిసిపోయినట్టు ఉంటుంది. ఎస్‌ఆర్‌జిబిలోకి కన్వర్ట్ చేసి జెపెగ్‌గా ఇమ్మని అడగండి. ఫొటోషాప్‌లో అసైన్ ప్రొఫైల్ అనేది కూడా ఉంది. అది చీటీ మాత్రమే మారుస్తుంది, అంకెలను మార్చదు. కన్వర్ట్ అనే చెప్పాలి.

ఏది చేసినా స్టూడియో ఇచ్చిన మొదటి ఫైలును విడిగా దాచుకోండి. మా మనవరాలు చివరికి ఆ ఫైలునే, ఏ మార్పూ చేయకుండా, మళ్ళీ ఎక్కించింది. దరఖాస్తు ఆమోదం పొందింది.