ఊరికో కోడ్ కొలిమి!

రోలుగుంట పోస్టాఫీసులో ఉత్తరం వేస్తే అమెరికాలోని డాలస్‌కి చేరుతుంది. అందుకోసం అమెరికా తపాలాశాఖలో పేరు నమోదు చేసుకోనక్కర్లేదు. ఇక్కడి బిళ్ల అంటిస్తే చాలు, అక్కడి పోస్ట్‌మ్యాన్ తీసుకెళ్లి ఇస్తాడు. ఎవరి తపాలాశాఖ వారిదే అయినా ఉత్తరం మాత్రం అందరిదీ అని 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో 22 దేశాలు కూర్చుని రాసుకున్న ఒప్పందం అది. రెండేళ్లకే, 1876లో మనదేశమూ అందులో చేరింది. ఫోనూ అంతే, ఈమెయిలూ అంతే. కానీ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల లోకంలో మాత్రం ఈ పద్ధతి ఇంకా రాలేదు!

అదెలాగో చూద్దాం. అనకాపల్లి జిల్లా (2022 దాకా విశాఖ జిల్లానే) రోలుగుంటలో ఓ డిగ్రీ విద్యార్థి ఉన్నాడనుకోండి. గిడుగు, గురజాడ, మండలి... ఇవన్నీ ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే తెలుగు ఫాంట్ల పేర్లు. వాటిలో ఒకదానిలో ఏదో ఒత్తు సరిగ్గా కుదరలేదని అతనికి అనిపించింది. ఆ ఫాంట్ల మూలప్రతులు ఉన్నది గిట్‌హబ్‌లో. తప్పు చెప్పాలన్నా, దిద్ది పంపాలన్నా ముందు అక్కడ ఖాతా తెరవాల్సిందే. 2008లో మొదలైన ఆ అమెరికా సంస్థను 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొనేసింది. గిడుగువారి పేరు పెట్టుకున్న అక్షరాలు దిద్దడానికీ ఆ గుమ్మమే తొక్కాలన్నమాట.

ఖాతా తెరిస్తే నష్టమేంటి అనొచ్చు. మామూలు రోజుల్లో ఏమీ లేదు. చిక్కంతా గుమ్మం మూసుకున్న రోజునే. 2014 డిసెంబరులో మన టెలికం శాఖ 32 వెబ్‌సైట్లను ఆపేయమంది. ఉగ్రవాద ప్రచారం కట్టడికంటూ ఇచ్చిన ఆ జాబితాలో గిట్‌హబ్‌కి చెందిన చిరునామా కూడా ఉంది! కొద్దిరోజులకు చాలావాటికి విముక్తి దొరికింది. 2019లో అమెరికా ఆంక్షల పేరుతో ఇరాన్, సిరియా, క్రిమియాల్లోని ప్రోగ్రామర్ల ఖాతాలకు గిట్‌హబ్ పరిమితులు పెట్టింది. ఇరాన్ వాళ్లు 2021 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. గూగుల్ కోడ్ సంగతి మరో రకం. గిరాకీ తగ్గిందని 2016లో దుకాణమే ఎత్తేశారు.

విచిత్రం ఏమిటంటే, వీటన్నిటికీ ప్రాణమైన ‘గిట్’కి అసలు కేంద్రం అంటూ లేదు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో దాన్ని రాసిందే ప్రతి ఒక్కరి కంప్యూటర్లో మొత్తం చరిత్రతో సహా పూర్తి నకలు ఉండేలా. కోడ్ ఎక్కడికీ పోదు. పోయేది దాని చుట్టూ జరిగిన మాటామంతీ. ఫలానా చోట తప్పుంది అన్న ఫిర్యాదు, ఇలా దిద్దుదామన్న ప్రతిపాదన, దానిమీద సాగిన వాదన... ఇవన్నీ సంస్థ సర్వర్లోనే ఉండిపోతాయి.

అలాంటప్పుడు ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకుంటే పోలా? పెట్టుకుంటున్నారు కూడా. తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తున్న హైదరాబాద్ సంస్థ ‘స్వేచ్ఛ’ గిట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌తో సొంత కోడ్ నిలయం నడుపుతోంది. కేంద్ర ప్రభుత్వానికి ‘ఓపెన్‌ఫోర్జ్’ ఉంది. జర్మనీలోని బెర్లిన్‌లో సభ్యుల చందాలతో, విరాళాలతో నడిచే ‘కోడ్‌బర్గ్’ ఉంది. అది వాడే సాఫ్ట్‌వేర్ పేరు ‘ఫోర్జెయో’. ఎస్పెరాంతో భాషలో ఆ మాటకి కమ్మరి కొలిమి అని అర్థం. చిన్న రాస్‌ప్‌బెర్రీ పై కంప్యూటర్ మీదా ఇది నడుస్తుంది కాబట్టి ఓ కాలేజీ పెట్టుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక్కడే అసలు చిక్కు. కొలిమి పెట్టుకోవచ్చుగానీ పక్కూరివాళ్లు రావద్దూ! చోడవరం చుట్టుపక్కల రైతు బెల్లం దిమ్మల్ని అనకాపల్లి మార్కెట్‌కి తోలేది కొనేవాళ్లు అక్కడున్నారనే. ప్రోగ్రామర్లు గిట్‌హబ్‌ని వదలకపోవడానికి కారణమూ అదే. స్వేచ్ఛలో ఖాతా ఉన్నవాడు కోడ్‌బర్గ్‌లో చిన్న తప్పు చెప్పాలన్నా మళ్లీ కొత్త ఖాతా, కొత్త పాస్‌వర్డ్. ఇన్ని తాళంచెవులు ఎవరు మోస్తారు?

ఈ కొలిముల మధ్య తపాలా దారి వేసే ప్రయత్నమే ‘ఫెడరేషన్’. వెబ్ ప్రమాణాలు ఖరారు చేసే డబ్ల్యూత్రీసీ 2018 జనవరిలో ‘యాక్టివిటీపబ్’ అనే పద్ధతిని ఆమోదించింది. మాస్టొడాన్‌లో ఒక సర్వర్ సభ్యులు మరో సర్వర్ వాళ్లతో మాట్లాడుకునేది దాంతోనే. కోడ్ పనికి సరిపడా దానికి చేర్పులు రాస్తున్న పథకం ‘ఫోర్జ్‌ఫెడ్’. అందులో ప్రతి ఖాతాకీ, ప్రతి ప్రాజెక్టుకీ ఈమెయిల్‌లాంటి చిరునామా ఉంటుంది. మీ సర్వర్లోనే కూర్చుని ఫిర్యాదు రాస్తే, అది సంతకం చేసిన సందేశంగా అవతలి సర్వర్ పెట్టెలో పడుతుంది. జవాబు మీ ఇంటికే వస్తుంది.

చెప్పుకోవడం తేలికే, చేయడమే గండం. ఉత్తరంలా చదివి పక్కన పెట్టేది కాదుగా ఇది! పొరుగు సర్వర్ నుంచి వచ్చిన మార్పుని చేర్చే అధికారం ఎవరిది? దొంగ ఫిర్యాదులు గుట్టలుగా వచ్చిపడితే ఎవరు ఊడుస్తారు? పైగా సొంత సర్వర్ అంటే కాపలా కూడా సొంతమే. 2024 జనవరిలో ‘సోర్స్‌హట్’ అనే చిన్న నిలయం మీద దాడి జరిగి రోజుల తరబడి మూతపడింది. పనిచేసేవాళ్లూ తక్కువే. నెదర్లాండ్స్‌లోని ఎన్‌ఎల్‌నెట్ ఫౌండేషన్ లాంటివి ఇచ్చే చిన్న గ్రాంట్లే ఆసరా. అందుకే నడక నిదానం. ఒక సర్వర్ నుంచి మరో సర్వర్లోని ప్రాజెక్టుకి మెచ్చుకోలుగా నక్షత్రం గుర్తు ఇవ్వడం ఫోర్జెయోలో 2024లోగానీ మొదలవలేదు. దిద్దిన కోడ్‌ని పొరుగు సర్వర్‌కి నేరుగా ప్రతిపాదించే రోజుకి ఇంకా చాలా పని ఉంది.

అన్నట్టు, ఏ గుమ్మమూ తొక్కకుండా కోడ్ పంపే దారి ఒకటి మొదట్నుంచీ ఉంది. లైనక్స్ కెర్నెల్‌లో మార్పులు ఇప్పటికీ ఈమెయిళ్లలోనే వెళ్తాయి. గిట్‌లో అందుకోసం ప్రత్యేకంగా ఓ ఆదేశమే ఉంది. ఖాతా అడిగేవాళ్లుండరు, రోలుగుంట నుంచైనా పంపొచ్చు.