మీకు తెలుసా? దురద వెనక కత్తెర్లు

మణికట్టు లోపలివైపు ఊదారంగులో, పైన చదునుగా, నిగనిగలాడే చిన్న బొడిపెలు. ఒకటే దురద. దగ్గరగా చూస్తే వాటిమీద ముగ్గు గీసినట్టు సన్నని తెల్లగీతలు. ఇదే లైకెన్ ప్లానస్. 1869లో ఈ పేరు పెట్టింది లండన్ వైద్యుడు ఎరాస్మస్ విల్సన్. చెట్ల బెరడు మీద కనిపించే లైకెన్‌తో పోలిక పేరు వరకే. ఇది అంటువ్యాధి కాదు.

వైరస్ సోకిన కణాలను చంపాల్సిన సిడి8 టి-కణాలు ఈ జబ్బులో సొంత చర్మం మీదే పడతాయి. పర్ఫోరిన్ అనే ప్రోటీను చర్మకణం పొరకు చిల్లు పెడుతుంది. ఆ దారిన గ్రాంజైమ్ బి అనే ఎంజైము లోపలికి దూరి, కాస్పేజ్ అనే మరో ఎంజైమును నిద్రలేపుతుంది. ఇక ఆ కణం తనను తానే కూల్చుకుంటుంది. అలా చచ్చిన కణాలే సూక్ష్మదర్శినిలో గులాబీరంగు ఉండల్లా కనిపించే సివాట్ బాడీలు.

నోట్లో వచ్చే రకంలో ఎంఎంపి-9 అనే ఎంజైముకూ పాత్ర ఉంది. పైపొర కింద పునాదిలా పరుచుకున్న పొరను అది కోసేస్తుంది; తెగిన చోటినుంచి టి-కణాలు పైకి ఎగబాకుతాయి. అక్కడ పుండు పడితే ఆవకాయ సంగతి అటుంచండి, చారన్నమే మంట.

నీటిబొబ్బలు లేచే మరో చర్మవ్యాధి బుల్లస్ పెమ్ఫిగాయిడ్‌లోనూ ఇలాంటి కోతే, కత్తెర మాత్రం వేరు: తెల్లరక్తకణాలు వదిలే ఎలాస్టేజ్.

అన్నట్టు, అరుగుదలకు వాడే ఎంజైము మాత్రలతో లైకెన్ ప్లానస్‌కు ఒరిగేదేమీ లేదు.