మబ్బుల్లో అటక... తాళంచెవి ఎవరి దగ్గర?

"మేడమ్, మీ కథ తీసుకున్నాం. చిన్న మార్పులు అడుగుతూ మెయిల్ పంపితే రెండుసార్లూ తిరిగొచ్చింది. వేరే అడ్రసేమైనా ఉందా?"

పత్రికాఫీసు నుంచి ఫోన్. పొయ్యి మీద పప్పు, చేతిలో గరిటె. కథ తీసుకున్నారన్న సంతోషం కూడా నిలవలేదు. ఉత్తరం తిరిగిపోవడమేమిటి? ఇల్లు ఖాళీ చేసి వెళ్లామా ఏమన్నానా?

మావారిని అడిగితే "నిండిపోయి ఉంటుంది, అక్కర్లేనివి తీసెయ్" అని మళ్లీ పేపర్లో తల దూర్చేశారు. సరే కదా అని మధ్యాహ్నం మంచమెక్కి తీరిగ్గా కూర్చున్నాను. పెళ్లిళ్ల వీడియోలు, పుట్టినరోజుల వీడియోలు... వరసపెట్టి తుడిచేశాను. ఫోన్‌లో పోతే ఏం, పైన మబ్బుల్లో ఓ కాపీ ఉందిగా అని ధీమా!

మూడోరోజున అమ్మ గుర్తొచ్చింది. వచ్చే నెల సంవత్సరీకం. కిందటి వేసవిలో ఆవకాయ కలుపుతూ "కారం చాలదే, ఇంకో గిద్దె పొయ్యి" అన్న వీడియో ఒకటుండాలి. అమ్మ గొంతు నా దగ్గరున్నది అందులోనే. వెతికాను. లేదు. గుండె గుభేలుమంది.

హాస్టల్లో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేశాను. "ఏడవకమ్మా, ముందు ట్రాష్‌లో చూడు" అన్నాడు. అదే, చెత్తబుట్ట. ఉంది! ఒక్క నొక్కుతో వెనక్కి వచ్చింది. ఆ వారమంతా వాడి చేత చెప్పించుకున్నవీ, నేను తిప్పలుపడి నేర్చుకున్నవీ మీకూ చెప్పాలనిపించింది.

చోటంతా ఏమైపోతోంది?

నా ఖాతాలో ఉచితంగా ఇచ్చింది 15 జీబీ. అది ఫొటోలకే అనుకున్నాను. కాదట. జీమెయిల్, గూగుల్ డ్రైవ్, గూగుల్ ఫొటోస్... మూడూ ఒకే అటక మీద సర్దుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇందులోకే వస్తుంది. ఒకప్పుడు కాస్త నాణ్యత తగ్గించి దాచే ఫొటోలు లెక్కలోకి వచ్చేవి కావు. 2021 జూన్ 1 నుంచి దాచేవన్నీ లెక్కే. అటక నిండితే కొత్త ఫొటోలు ఎక్కవు, మెయిల్ వెళ్లదు, రాదు. నా కథ సంగతి అదీ!

కాబట్టి తుడిచే ముందు, ఏది ఎంత చోటు తింటోందో ఖాతాలోని స్టోరేజ్ పేజీలో చూడండి. పెద్ద ఫైళ్లని అదే వరసగా చూపిస్తుంది. వంద ఫొటోలు తీసే కన్నా ఒక్క పొడవాటి వీడియో తీస్తే ఎక్కువ చోటు మిగలొచ్చు.

తీసెయ్యడంలో తేడా

నేను బోల్తాపడింది ఇక్కడే. ఫొటోస్ యాప్‌లో బొమ్మని డిలీట్ చేస్తే ఫోన్‌లోంచీ, పైనుంచీ కూడా పోతుంది. ఫోన్‌లో మాత్రమే చోటు కావాలంటే 'ఫ్రీ అప్ స్పేస్' అని వేరే మీట ఉంది. అది పైకి ఎక్కిన వాటినే చూసి, కింది కాపీలు తీసేస్తుంది.

పైకి ఎక్కి ఉన్న ఫొటోలు తీసేస్తే అవి బుట్టలో 60 రోజులుంటాయి. మెయిల్, డ్రైవ్ బుట్టల్లో 30 రోజులే. ఆ తర్వాత దేవుడికే మొక్కుకోవాలి. డ్రైవ్‌లో, మెయిల్‌లో బుట్టలో ఉన్నది కూడా చోటు తింటుంది కనక ఖాళీ చెయ్యక తప్పదు. కానీ బియ్యంలో రాళ్లేరినట్టు ఒక్కసారి చూసుకుని మరీ చెయ్యండి.

ఫొటోలు ఎక్కడం లేదా?

మా వదిన గోల ఇది. చూస్తే, వైఫై ఉంటేనే ఎక్కేలా పెట్టి ఉంది. వాళ్లింట్లో వైఫై లేదు! సెట్టింగులో మొబైల్ డేటాకి అనుమతిస్తే సరిపోయింది. ఇంకో పొరపాటు, ఒకే ఫోన్‌లో రెండు ఖాతాలుండడం. ఒకదాంట్లో దాచి రెండోదాంట్లో వెతికితే ఎక్కడ దొరుకుతాయి? యాప్‌లో పైన మూలనున్న గుండ్రటి బొమ్మ నొక్కి ఏ ఖాతాలో ఉన్నారో చూసుకోండి.

తాళంచెవి సంగతి

చివర్లో మా అబ్బాయి అడిగాడు, "అమ్మా, నీ పాస్‌వర్డ్ ఏంటి?" అని. తెల్లమొహం వేశాను. పదో తరగతిలో ఉండగా వాడే తెరిచిన ఖాతా అది. వాడికీ గుర్తులేదు. ఇచ్చిన నెంబరు ఎప్పుడో ఆగిపోయిన పాత సిమ్‌ది. ఆ ఫోన్ పోయి ఉంటే నా ఇరవై కథలూ, అమ్మ గొంతూ ఉన్న ఖాతా తలుపు నేనే తెరవలేకపోయేదాన్ని.

మనలో చాలామంది ఖాతాలు కొడుకో, కూతురో, భర్తో తెరిచినవే. వాళ్ల మీద అనుమానంతో కాదు, మన వస్తువు తాళం మన కొంగున ఉండాలి కదా! కొత్త పాస్‌వర్డ్ పెట్టుకున్నాను. ఇప్పుడు వాడే నెంబరు ఇచ్చాను. ఖాతా ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లని కాగితం మీద రాసి నగలపెట్టెలో పెట్టాను. ఫోన్‌కొచ్చే ఓటీపీ మాత్రం, ఎంత తియ్యగా అడిగినా ఎవరికీ చెప్పకూడదు.

మరో మాట. రెండేళ్లపాటు ఏ వాడకమూ లేని ఖాతాలని గూగుల్ తొలగించవచ్చు. ఈ నియమం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. అమ్మానాన్నల పేర ఖాతాలుంటే అప్పుడప్పుడూ తెరిచి చూస్తుండండి.

అన్నిటికన్నా ముఖ్యం, ప్రాణంతో సమానమైనవి ఒక్క చోటే ఉంచకండి. అమ్మ వీడియో ఇప్పుడు ఖాతాలో ఉంది, పెన్‌డ్రైవ్‌లో ఉంది, తమ్ముడి దగ్గరా ఉంది.

అన్నట్టు, మార్పులు చేసి కథ పంపేశాను. ఇవాళ మధ్యాహ్నం టీవీ ముందు కూర్చునే ముందు ఓ అరగంట మీ ఫోన్‌కి కేటాయించండి. ముందుగా మీ పాస్‌వర్డ్ మీకు గుర్తుందో లేదో చూసుకోండి. ఏమంటారు?